సీతాఫలాల అంగడిలో నా వజీఫా

నా చిన్నప్పుడు పాలమూరులో నా అంత తెలివైనవాడు లేడని ఇద్దరం నమ్మేవాళ్లం, నేనూ మా అవ్వా. అవ్వను తప్పుపట్టలేం, ఆమెకు చూపు సరిగా ఆనేది కాదు. నేను మాత్రం రెండు కళ్లూ బాగుండి నమ్మాను.

నిజాం రోజులవి. మెట్రిక్ ప్యాసై, పట్నం పోయి కాలేజీలో చేరే స్తోమత లేక ఇంట్లో కూర్చున్నాను. చలికాలంలోగా ఏ దారీ దొరక్కపోతే పల్లికాయల వ్యాపారి దగ్గర గుమాస్తాగా పెడతానని బాపు తేల్చేశాడు. అలాంటప్పుడు రైలు స్టేషన్లో ఇద్దరు పెద్దమనుషుల మాటలు నా చెవిన పడ్డాయి. జిల్లాల్లోని పేద విద్యార్థులకు పట్నంలో ఎవరో వజీఫా, అంటే చదువు ఖర్చుకు నెలనెలా డబ్బు, ఇస్తున్నారట, దర్ఖాస్తులు ఈ నెలలోనే తీసుకుంటారట. ఎవరిస్తారో, ఎక్కడికి పంపాలో వినేలోగా రైలు కూత ఆ మాటల్ని మింగేసింది.

బుద్ధి ఉన్నవాడైతే వాళ్లనే అడిగేవాడు. నేను ఆ వార్తను దాచుకున్నాను. తరగతిలో ఎప్పుడూ నాకన్నా ముందుండే నేతగాళ్ల పిల్లవాడికి తెలిస్తే నా నోటి దగ్గరి ముద్ద పోతుందని భయం. రోజూ సర్కారు కచేరీ దాకా నడిచేవాణ్ణి, ఎవరినైనా అడిగితే గుట్టు రట్టవుతుందని వెనక్కి వచ్చేవాణ్ణి. వజీఫా కోసం వెతుకుతున్నట్టు ఎవరికీ తెలియకుండా వెతికాను. ఆఖరికి వజీఫాకు కూడా తెలియలేదు.

నా వాలకం పక్కింటి అక్క కనిపెట్టింది. ఆమె భర్త పోయాక అత్తతో ఉంటూ, ఆ కాలంలో సీతాఫలాలు అమ్మేది. ఒక్కరికి మించి చెప్పనని ఆమె ఒట్టు పెట్టుకున్నాక సంగతంతా చెప్పాను. అంగడి రోజున గంప నా నెత్తిన పెట్టి తీసుకుపోయింది. మొదటి బేరానికే, "పండు మస్తు తియ్యగుంటది, తీస్కో. గీ పిలగానికి పట్నంల వజీఫా గావాలె, నీకేమన్న ఎరుకనా?" అంది. ఆ ఒక్కరూ అయిపోయారులే అనుకున్నాను. రెండో బేరానికీ అదే మాట. ఒట్టు సంగతి గుర్తుచేస్తే, "ఒక్కొక్కరికే గద తమ్మీ చెప్తున్న, ఇద్దరికి ఒక్కపారి చెప్పిన్నా?" అంది.

ఒకాయన పండు చేతిలోకి తీసుకుని, "వజీఫా తీస్కునే మొకమేనా ఇది?" అని నవ్వి పోయాడు. సీతాఫలానికి ఒళ్లంతా కళ్లే, వాటి నడుమ తల దాచుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. నేను ముడుచుకుపోతుంటే అక్క గంప మీది గుడ్డ పూర్తిగా తీసేసి, "మాగిన పండు దాస్తే ఎవని పాలు తమ్మీ? నీకు లేదు, నాకు లేదు, ఈగల పాలు" అంది.

మధ్యాహ్నానికి నేతగాళ్ల పిల్లవాడే వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

"నాకెప్పుడో ఎరుకనే, ఏడికి పంపాలెనో గూడ. దర్ఖాస్తు ఉర్దూల రాసి, హెడ్మాస్టరు ముద్ర ఏపియ్యాలె. నీకు చెప్దామంటే నన్ను జూసి సందు మలుగుతుంటివి" అన్నాడు.

ఇద్దరం కలిసే దర్ఖాస్తులు రాశాం. సాయంత్రం, పొద్దున పండ్లు కొన్న ఒక ముసలమ్మ తిరిగి వచ్చింది. ఆమె తమ్ముడు పట్నంలో విద్యార్థుల హాస్టల్లో వంట చేస్తాడట. ముందుగా అడిగిన పేద పిల్లలకు అక్కడ జాగా, తిండి ఉచితమట. ఆ మాట నేను ఏ స్టేషన్లోనూ వినలేదు.

వజీఫా అతనికి వచ్చింది, నాకు రాలేదు. నాకు హాస్టల్ దొరికింది, బాపు గుమాస్తా మాట మానేశాడు. దాచుకున్న ముద్ద ఇంకొకరి కంచంలో పడింది, ఎరగని అన్నం నా కంచంలోకి వచ్చింది. ఆనాటి నుంచి, చదువుకునే పిల్లలకు పనికొచ్చే కబురు ఏది తెలిసినా నా కడుపులో నిలవదు. మా పిల్లలకు పోటీగా ఉన్నవాడికే ముందు చెప్పి వస్తానని మా ఇంట్లో ఇప్పటికీ నా మీద ఫిర్యాదు.

అక్క మీద కసి మాత్రం తీర్చుకోకుండా వదల్లేదు. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు ఆమె నన్ను పక్కకు పిలిచింది. దవాఖానలో ఆడవాళ్లకు కాన్పుల పని నేర్పుతున్నారట, నేర్చుకునే రోజులకు కూడా జీతమిస్తారట, పోవాలని ఉంది గానీ అత్తకు తెలియనివ్వద్దని చెప్పింది. నేను నేరుగా వాళ్ల అత్త దగ్గరికే పోయి చెప్పేశాను. అక్క తలుపు చాటుకు తప్పుకుంది. అత్త బియ్యం చెరుగుతోంది. విని, చాట కింద పెట్టి, "పొద్దుగాల ఎన్నింటికి పోవాలెనట? సద్ది గట్టొద్దా?" అంది.