మూడు వారాల చెవుడు

ఆమెను వీధంతా అత్తయ్య అనే పిలిచేది. పదకొండేళ్లు ఫర్నిచర్ ఫ్యాక్టరీలో మంచం కోళ్లు తీసింది. ఒకే అచ్చు, రోజుకు నలభై. "కోడుకీ కోడుకీ తేడా ఉండకూడదన్నారు. చివరికి నాకూ మిషన్‌కీ తేడా లేకుండా పోయింది" అని ఒకరోజు ఆ ఉద్యోగానికో దణ్ణం పెట్టి వచ్చేసింది. ఇంటి పక్క కారు షెడ్డులో, చెక్కను గిరగిరా తిప్పే తరిమెన ఒకటి బిగించుకుని గిన్నెలు తీయడం మొదలుపెట్టింది.

కాగితం మీద గీతలు గీసుకునే అలవాటు ఆమెకు లేదు. గాలికి కూలిన చెట్టు మొద్దు తెచ్చుకుని, ఎక్కడ పగులుందో, ఎక్కడ ముడి ఉందో చూస్తూ రెండు మూడు రోజులు దాని చుట్టూ తిరిగేది. పగులును దాచేది కాదు. సరిగ్గా అంచు మీదికి వచ్చేలా గిన్నె తీసేది. అయిపోయాక బోర్లించి చూసేది. అడుగు నచ్చకపోతే పైన ఎంత ముద్దుగా ఉన్నా పక్కన పడేసేది.

గిన్నె గోడను పలచన చేయడం మాత్రం కంటి పని కాదు, చెవి పని. ఉలి ఆనుతున్నకొద్దీ గుయ్యిమనే మోత సన్నబడి ఈలలా మారుతుంది. ఆ ఈల దగ్గర ఆగాలి. వెంట్రుకవాసి ఎక్కువైందా, అంతే సంగతులు.

ఒక వర్షాకాలం మొదట్లో ఆ ఈల వినబడటం మానేసింది. మొదటి గిన్నె పగిలితే చెక్కను తిట్టుకుంది. రెండోది పగిలితే ఉలిని తిట్టుకుంది. మూడోది కూడా ముక్కలయ్యాక మిషన్ ఆపి, కుడి చెవి దగ్గర చిటికె వేసి చూసుకుంది. ఉలుకూ పలుకూ లేదు. ఎడమ చెవిలోనూ దూది కుక్కినట్టుంది. వాళ్లమ్మకు యాభై దాటగానే చెవుడొచ్చింది. తనకిప్పుడు యాభై రెండు.

ఎవరికీ చెప్పలేదు, బస్సు డ్రైవరైన భర్తకు కూడా. చెవితో పనిలేని మందపాటి పళ్లేలు తీస్తూ మూడు వారాలు నెట్టుకొచ్చింది. చివరికి ఆమె గిన్నెలు కొని అమ్మే, పెద్ద గొంతున్న దుకాణం ఆవిడ ఒక పళ్లెం ఎత్తి చూసి, "ఏంటత్తయ్యా ఇది, రోలుకు మూత చేశావా?" అని గట్టిగా నవ్వేసరికి రోషమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. చెవిలోకి లైటు వేసి, "ఏం పని చేస్తారమ్మా?" అని చెవి దగ్గర గట్టిగా అడిగింది.

"చెక్క పని."

"అదీ సంగతి. సగం చెట్టు ఇక్కడే ఉంది!"

గుబిలీ, రంపపు పొట్టూ కలిసి రెండు చెవుల్లోనూ గడ్డకట్టాయట. గోరువెచ్చని నీళ్లు పిచికారీ చేస్తే టప్‌మని ఊడి పళ్లెంలో పడింది. వెంటనే ఫ్యాను కిర్రుమంది. పక్కగదిలో ఎవరో కుర్చీ లాగారు.

"ఇంతేనా?" అంది అత్తయ్య నమ్మలేక.

"ఇంతే. చెవులు బంగారంలా ఉన్నాయి. పొట్టు రేగేటప్పుడు తలకు గుడ్డ కట్టుకోండి."

ఆ కుర్చీలోనే కూర్చుని కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది.

ఇంటికెళ్లి సంగతంతా చెబితే భర్త నోరెళ్లబెట్టాడు. "అయితే నువ్వు అలగలేదా?"

"అలకేంటండీ?"

"నీ ఉలితో పెయింటు డబ్బా మూత తీశాను. వచ్చి తప్పయిందన్నాను, పలకలేదు. మర్నాడు మళ్లీ అన్నాను, అటు తిరిగి వెళ్లిపోయావు. మూడు వారాలుగా అంట్లు కూడా నేనే తోముతున్నాను కదే!"

"ఏ ఉలి?" అంది ఆమె నెమ్మదిగా.

అతను ఒకడుగు వెనక్కి వేశాడు. ఆమెకు నవ్వాగలేదు.

ఆ మధ్యాహ్నమే నొక్కుపడిన ఉలిని సానపట్టి, పచ్చి చెక్క ఒకటి బిగించింది. మోత సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఈల వేసింది. ఆపేసింది. గిన్నె నిలిచింది.

సాయంత్రం ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారు. "ఈ మూడు వారాల్లో ఇంకా ఏమేం చెప్పారు? అన్నీ మళ్లీ చెప్పండి" అంది. అతను గొంతు సవరించుకుని, మొదటి రోజు నుంచీ మొదలుపెట్టాడు.