సబ్బుపెట్టెలో చెవి

ఈ వారం విమానం ఎక్కబోతున్న ముగ్గురు స్నేహితులు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. నీళ్ల సీసా లోపలికి రానిస్తారా? షాంపూ? టూత్‌పేస్టు? నాకేం తెలుసు! తొంభైల్లో మొదటిసారి విమానమెక్కినప్పుడు కెమెరాలో సెల్లులు తీయించారు. ఆ తర్వాత ఏడేళ్లకు సెల్లుల జోలికి పోలేదు గానీ నెయిల్ కట్టర్ చెత్తబుట్టలో వేయించారు. ఇప్పుడు 2006లో నీళ్ల వంతు వచ్చింది. రేపు దువ్వెన వంతు వచ్చినా నేను ఆశ్చర్యపోను. అందుకే ఆ ప్రశ్నకు జవాబుగా, మూడేళ్ల కిందట మా ఇంటి ఓనరుతో కలిసి చేసిన బెంగళూరు-హైదరాబాద్ ప్రయాణం గురించి రాస్తున్నాను.

మేం మారతహళ్ళిలో ఒక ఇంటి పై వాటాలో అద్దెకుంటాం. కింద ఓనరు మునియప్పగారు ఉంటారు. వాళ్ల తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్న తెలుగు కుటుంబం. ఆయన ముప్ఫై ఏళ్లు ఫ్యాక్టరీలో విమానాల రేకులకు రివెట్లు కొట్టే పని చేశాడు. ఆ మోతకు రెండు చెవులూ పోయాయి. చొక్కా జేబులో పెట్టుకునే వినికిడి మిషన్ వాడతాడు. దాని డబ్బా ఎప్పుడో పగిలిపోతే కొత్తది కొనకుండా, లోపలి సరంజామా అంతా ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో బిగించుకున్నాడు. పైకి రెండు తీగలు, చివర చెవిలో పెట్టుకునే బిళ్ల. ఫ్యాక్టరీ మనిషి గదా, ఏదీ పారేయడు. తీగలు వదులైనప్పుడు బిగించడానికి అగ్గిపుల్లంత స్క్రూడ్రైవర్ ఎప్పుడూ జేబులోనే ఉంటుంది.

ఆయన చెల్లెలు సరోజమ్మగారిది హైదరాబాద్. గొంతులో గడ్డ. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. మర్నాడు ఉదయమే ఆపరేషన్ అని కబురొచ్చిన రోజు మునియప్పగారు మెట్లెక్కి వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. “పాపా, రేపట్నుంచి దానికి మాట ఉండదంట. బస్సులో పోతే తెల్లారిపోతాది. ఏరోప్లేన్‌లో పోతే ఈ పొద్దే దాని మాట ఇనొచ్చునా?” అన్నాడు. జీవితమంతా విమానాల మీద పనిచేసిన మనిషి ఒక్కసారీ విమానం ఎక్కలేదు. అనౌన్సుమెంట్లు వినబడవు కాబట్టి ఒంటరిగా పంపలేం. నేను ఆఫీసుకు సెలవు చెప్పి ఇద్దరికీ టిక్కెట్లు కొన్నాను. మనిషికి మూడు వేల చిల్లర అయింది. మధ్యాహ్నం రెండు గంటల విమానం. ఆసుపత్రిలో రోగుల్ని చూసే సమయం నాలుగు నుంచి ఆరు వరకే అన్నారు.

పన్నెండున్నరకు ఇంటి దగ్గరే ఆటో ఎక్కాం. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద అప్పట్లో ఇంత రద్దీ లేదు, ఇరవై నిమిషాల్లో చేరాం. ఇద్దరివీ చేతిసంచులే, లగేజీలో వేయడానికి ఏమీ లేదు. సమయం కలిసొస్తుందని నేనే అలా సర్దించాను. తప్పంతా అక్కడే జరిగింది.

తనిఖీ దగ్గర మునియప్పగారు చేతులు చాపి నిలబడగానే ఆయన జేబు కుయ్యిమంది. సిపాయి సబ్బుపెట్టె బయటికి తీశాడు. తీగలు, సెల్లు, చుట్టూ నల్ల టేపు. నేనే కొత్తగా చూస్తే రెండడుగులు వెనక్కి వేసేదాన్ని. “యే క్యా హై?” అన్నాడు సిపాయి. మునియప్పగారు నవ్వుతూ చెవి పట్టుకుని, “నన్న కివి, సార్” అని కన్నడంలో చెప్పాడు. నా చెవి అండీ అని. సిపాయికి కన్నడం రాదు. నేను ఆడవాళ్ల తెర వెనకనుంచి పరుగెత్తుకొచ్చి నాకొచ్చిన హిందీలో చెప్పేలోపే అతను మూత లాగేశాడు. ఒక తీగ స్క్రూ కిందినుంచి ఊడి బయటికొచ్చింది. పై అధికారి వచ్చి చూసి, వినికిడి మిషనే అని ఒప్పుకుని పెట్టె తిరిగిచ్చాడు. స్క్రూడ్రైవర్ మాత్రం ఇవ్వలేదు. పనిముట్లు లోపలికి పోకూడదన్నది నియమం.

“ఒక్క నిమిషం ఇయ్యప్పా. ఇక్కడే, నీ ఎదురుగానే బిగించి మళ్ళా నీ చేతికే ఇస్తా” అన్నాడు మునియప్పగారు. ఆయన మాట సిపాయికి అర్థం కాలేదు, సిపాయి మాట ఆయనకు వినబడలేదు. నేను అదే మాట హిందీలో చెప్పి బతిమాలాను, తర్వాత పోట్లాడాను. వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కున్నారు. సిపాయి ముఖంలో కూడా ఇబ్బంది కనిపించింది, కానీ స్క్రూడ్రైవర్ అప్పటికే బుట్టలో పడిపోయింది. ఒళ్లు మండిపోయింది నాకు. వంద టన్నుల విమానాన్ని అగ్గిపుల్లంత ఇనపముక్క ఏం చేస్తుంది? అదీ ఆ విమానాలకే రివెట్లు కొట్టిన మనిషి చేతిలో!

విమానంలో నా జడపిన్నుతో ప్రయత్నించాం. వంగిపోయింది. రూపాయి బిళ్ల స్క్రూ గాడిలో పట్టలేదు. నెయిల్ కట్టర్ ఉంటే దాని కొసతో బిగిసేది. ఒకసారి పారేయించారని భయపడి నేను బుద్ధిమంతురాలిలా దాన్ని ఇంట్లో వదిలేసి వచ్చాను. కాసేపటికి ఆయన పెట్టె మూసి జేబులో పెట్టుకుని కిటికీలోంచి రెక్క వైపు చూడసాగాడు. “రివెట్లు బాగా కొట్టినారు” అన్నాడు. వినబడని మనిషి గొంతు గదా, మూడు వరసలదాకా వినిపించింది. నేను కాగితం మీద “హైదరాబాద్‌లో ఎలాగైనా బాగుచేయిద్దాం” అని రాసి చూపించాను. ఆయన చదివి తలూపి, ఈసారి మెల్లగా, “పెదాలు చూసి మాట తెలుసుకుంటాలే పాపా. కానీ గొంతు తెలీదు గదా” అన్నాడు. నేను కాగితం మడిచేశాను.

బేగంపేటలో బయటపడేసరికి మూడున్నర దాటింది. బయట అరవై అడిగిన ఆటో అతనితో బేరం కూడా ఆడకుండా ఎక్కి, దారిలో స్క్రూడ్రైవర్ దొరికే కొట్టు ఉందా అని అడిగాను. “కొట్టెందుకక్కా? నా తాన టెస్టర్ ఉంది. నడుస్తదా?” అని సీటు కిందినుంచి సంచి తీసిచ్చాడు. అందులో ఉన్నది కరెంటు ఉందో లేదో చూసుకునే సన్న టెస్టర్. మునియప్పగారి ముఖం చూడాలి అప్పుడు! ఆటో కుదుపులకు మూడుసార్లు స్క్రూ జారి ఒళ్లో పడింది. అది గమనించి డ్రైవర్ తనే పక్కకు తీసి ఆపాడు. “మంచిగ చేస్కో పెద్దాయనా, తొందరేం లేదు” అన్నాడు. రెండు నిమిషాల్లో తీగ బిగిసింది. “ఏమన్నా మాట్లాడు పాపా” అన్నాడు ఆయన బిళ్ల చెవిలో పెట్టుకుని. నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి ఒక లారీ చెవులు పగిలేలా హారన్ కొట్టింది. మునియప్పగారు ఉలిక్కిపడి, వెంటనే పగలబడి నవ్వాడు. డ్రైవర్ టెస్టర్‌కు డబ్బు తీసుకోలేదు.

సరోజమ్మగారి గొంతు అప్పటికే బాగా బొంగురుపోయింది. అయినా అన్నను చూడగానే, “ఆ సబ్బుపెట్టె ఇంకా పారేయలేదా నువ్వు?” అని మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. గంటన్నరకు పైగా మాట్లాడింది. అమ్మ ఇత్తడి బిందె ఎవరు తీసుకున్నారు, చిన్నప్పుడు రాగిముద్ద కోసం ఎవరు ఎవర్ని కొట్టారు, అంతా ఇలాంటివే. పెద్ద మాటలేవీ లేవు. నర్సు వచ్చి టైమైందన్నాక మునియప్పగారు లేచి, ఆమె తల నిమిరి, తలుపుదాకా వెళ్లాడు. వెనకనుంచి ఆమె చిన్నగా “అన్నా” అంది. ఆయన వెనక్కి తిరిగాడు. ఆమెకు చెప్పాల్సిందేమీ లేదు. ఊరికే పిలిచింది. నేను కారిడార్‌లోకి వెళ్లి ఏడ్చాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగోరోజు తిరుగు ప్రయాణంలో మునియప్పగారు తనే సబ్బుపెట్టెను బట్టల మధ్య చుట్టి లగేజీలో వేసేశాడు. ఎందుకన్నట్టు చెయ్యి తిప్పాను. “ఇంక దావలో ఇనాల్సిందేముండాది పాపా?” అన్నాడు.

నియమాలు వద్దని నేననను. ఆ సిపాయి తన పని తాను చేశాడు. సబ్బుపెట్టె చూసి అనుమానపడకపోతే అతను ఆ ఉద్యోగానికి పనికిరాడు. కానీ బుట్టలో పడే ప్రతి వస్తువు వెనకా ఒక మనిషి అవసరం ఉంటుంది. దాన్ని ఒక్క నిమిషం ఆగి వినే చోటు ఆ వరసలో ఎక్కడో ఒకచోట ఉండాలని మాత్రం నాకనిపిస్తుంది. ఆ ఆటో అతనికి ఏ నియమమూ లేదు, అందుకే ఆగగలిగాడేమో.

నా సలహా ఒక్కటే. వినికిడి మిషన్ గానీ, మందు గానీ, అది లేకపోతే మీ ప్రయాణమే వృథా అయ్యే వస్తువు ఏదైనా ఉంటే, అదేమిటో డాక్టరుతో ఇంగ్లిషులో ఒక చీటీ రాయించుకుని ఆ వస్తువుతోపాటే ఉంచండి. మునియప్పగారి చీటీ ఇప్పుడు సబ్బుపెట్టెలోనే మడిచి ఉంటుంది. రాత్రిళ్లు ఆ పెట్టె పెట్టే గూట్లో, దాని పక్కన సరోజమ్మగారి ఉత్తరాలుంటాయి. ఆమె ఇప్పుడు నెలకో ఉత్తరం రాస్తుంది. ఆయన వాటిని తన అలవాటు ప్రకారం వీధంతా వినబడేలా చదువుకుంటాడు, పై వాటాలో నాకూ వినిపిస్తుంది. మొదట ఉండే “అన్నా” అన్న మాట మాత్రం ఆయన పైకి చదవడు.