గట్టు లేని చెరువు

మొన్న ఖరగ్‌పూర్ అంచున ఝపటాపూర్‌లో మా వీధి చివర బోరు వేశారు. ఇది మూడోది, మొదటి రెండూ ఎండిపోయాయి. గొట్టం దిగగానే ఎర్రమట్టి పైకి వస్తుందని అందరం కళ్లప్పగించి చూస్తుంటే, నల్లటి బూడిద వచ్చింది. ‘ఏటమ్మా ఇది, భూమి కింద పొయ్యి ఉందేటి?’ అని ఎదురింటావిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ బూడిద నాకు బాగా తెలుసు. అది బొగ్గు ఇంజన్ల బూడిద, అక్కడ పోయించింది మా పెదనాన్న, కాళ్లతో తొక్కి చదును చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

పెదనాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డాడు. క్వార్టర్లలో ఉన్నన్నాళ్లూ పెద్దమ్మ వీధి కుళాయి దగ్గరే సగం జీవితం గడిపింది. ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి, కుళాయి దగ్గరకు వెళితే మాత్రం ఆ నోటికి దడిసి బెంగాలీలు, ఒరియావాళ్లు, హిందీవాళ్లు ఒక్కటైపోయేవారు. జాతీయ సమైక్యత అంటే ఏమిటో నేను బళ్లో కాదు, అక్కడ నేర్చుకున్నాను. ఆవిడకున్నది ఒక్కటే కోరిక: సొంత నుయ్యి. అరవైల మొదట్లో పెదనాన్న ఊరి అంచున ఇక్కడ జాగా కొని, ఇంటికన్నా ముందు నుయ్యి తవ్వించాడు. ఎనిమిది మూరల్లో నీళ్లు పడ్డాయి. నీళ్లు తియ్యగా ఉండాలని పెద్దమ్మ పుట్టింటి నుంచి ఉసిరి చెక్క తెప్పించి అడుగున వేయించింది. ఇక చూడండి, ఎవరొచ్చినా ముందు గ్లాసుడు నీళ్లు. ‘తియ్యగున్నాయి’ అని అనకపోతే టీ వచ్చేది కాదు.

ఇంటి వెనక, ఇప్పటి వీధి చివర దాకా, పెద్ద పల్లం ఉండేది. వానలకు మోకాలి లోతు నీళ్లు నిండి, చలికాలం దాటేదాకా నిలిచేవి. ముడీలు, అంటే మరమరాలు, వేయించి అమ్మే ముసలావిడ ఒకామె ఆ పల్లం పక్కనే ఉండేది. అందరం మాసీ అని పిలిచేవాళ్లం. పల్లాన్ని పూడిస్తే మా నాన్నకూ చిన్నాన్నకూ పక్కపక్కనే ఇళ్లు లేస్తాయని పెదనాన్న ఆశ. సంగతి తెలిసి మాసీ పరుగున వచ్చి, బెంగాలీలో సగం, మా దగ్గర నేర్చిన తెలుగులో సగం మొత్తుకుంది. ‘దాదా, ఈ జాగాలో జోల్, నీళ్లు, వచ్చి కూర్చుంటాది. కూర్చున్న జోల్‌ని లేపకు.’

పెదనాన్న పకపకా నవ్వాడు. ‘గట్టు నేదు, తూము నేదు, పేరైనా నేదు. ఇదేటి సెరువు మాసీ? ఉత్త పల్లం!’ మా పల్లెలో చెరువులో పిడికెడు మట్టి పోసినవాడికి ఊరు నీళ్లు పుట్టనివ్వదు. ఆ పల్లెలో పుట్టినవాడే పెదనాన్న. కానీ మావాళ్ల కళ్లకు చెరువంటే గట్టుండాలి. లేకపోతే అది ఎవరికీ అక్కరలేని గుంట. లోకోషెడ్డులో బూడిద అడిగినవాడికల్లా దొరికేది. ఆదివారాలు వర్క్‌షాపు తెలుగువాళ్లంతా బళ్లతో దిగిపోయారు. పెద్దమ్మ ఆ నూతి నీళ్లతోనే అందరికీ వండిపెట్టింది. మేం పిల్లలం కాళ్లు నల్లబడేలా తొక్కాం. ఎంత గర్వపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

మరుసటి వానాకాలం నీళ్లకు కూర్చుని ఇంకే చోటు లేక, వీధిలో పడి, కాలువలో పడి, కాసాయి నది దారి పట్టాయి. రెండో ఎండాకాలం పెద్దమ్మ ఎవరికీ చెప్పకుండా చేంతాడుకు పాత చీర పేని ముడేసింది. మూడో ఏడు ఇంకో చీర. ఆ వైశాఖంలో ఒక పొద్దున బక్కెట్టు ఠంగుమంది. అందరం వంగి చూశాం. ఎండిన బురద మీద ఉసిరి చెక్క పడుంది. మాదొక్కటే పాపమని అనను. సాలువా వైపు అడవి కొట్టేశారు, మలంచా వైపు గుంటలు ఇళ్లయిపోయాయి. కానీ మా వీధిలో ఎండిన నూతులన్నిటికీ మేం పూడ్చిన పల్లమే కారణం. మాసీ నుయ్యి కూడా ఎండింది.

పెదనాన్న నూతి గోడ మీద కూలబడి, ‘నాను గట్టు కోసం సూసినానే. నీళ్ల కోసం సూడనేదు’ అన్నాడు. పెద్దమ్మ బిందె చంకనెత్తుకుని వీధి కుళాయి దగ్గరకు నడిచింది. నేనూ వెంట వెళ్లాను. క్వార్టర్ల నాటి ఆ నోటి ధాటి విన్నవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. ఆవిడ మాత్రం వెళ్లి అందరికన్నా వెనక నిలబడింది. ‘అదేంటి పెద్దమ్మా, ముందుకెళ్లు’ అన్నాను. ‘ఏ మొకం ఎట్టుకుని ఎల్లమంటావే? ఈలందరి నూతులూ మనమే కదా కప్పెట్టినాం’ అంది. అప్పుడు మాసీ వరసలోంచి వెనక్కి వచ్చింది. ‘ఎషో దీదీ, రా’ అని పెద్దమ్మ చెయ్యి పట్టుకుని తన ముందు నిలబెట్టుకుంది. కుళాయి దగ్గర పెద్దమ్మ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

బోరు మిషను సాయంత్రం దాకా మొత్తుకుని వెళ్లిపోయింది. నీళ్లు పడలేదు. గుమ్మం ముందు పేరుకున్న బూడిద నేనే ఊడ్చాను. బొగ్గు ఇంజన్లు పోయాయి, పెదనాన్న పోయాడు, పెద్దమ్మా మాసీ పోయారు. మేం రెండు నెలల ఆదివారాల్లో లేపేసిన నీళ్లు మళ్లీ వచ్చి కూర్చునేంత కాలం, నాకు మటుకు, మిగల్లేదు.