మైకు కట్టేశాక మొదలైన మాటలు

ఫిబ్రవరి, రెండో శనివారం. విజయవాడ బస్టాండులో మచిలీపట్నం బస్సెక్కగానే కండక్టరు గారు ఒకాయన్ని లేపి మరీ నాకు ముందు సీటు ఇప్పించారు. “ఏ ఛానెలమ్మా?” అని అడిగారు. నా భుజాన సీనియర్ దగ్గర అరువు తెచ్చిన ట్రైపాడ్, మెడలో హెడ్‌ఫోన్లు, చేతిలో బొచ్చు తొడిగిన పెద్ద మైకు ఉన్నాయి మరి. “ఛానెల్ కాదండీ, బి.ఏ. తెలుగు, రెండో సంవత్సరం” అన్నాను. ఆయన మొహం కాస్త చిన్నబోయింది కానీ సీటు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మాతృభాషా దినోత్సవానికి మా కాలేజీలో కార్యక్రమం ఉంది. నేతపనిలో వాడే మాటల మీద మూడు నిమిషాల ఆడియో చేస్తానని నేనే చెయ్యెత్తాను. సోమవారానికి ఇవ్వకపోతే ఆ మూడు నిమిషాలూ డాన్సుకి ఇచ్చేస్తామని మేడం చెప్పేశారు.

కంకిపాడు, ఉయ్యూరు దాటి పామర్రు చేరడానికి గంటన్నర పట్టింది. ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టు సున్నా. అక్కడి నుంచి మినప చేల మధ్యగా షేర్ ఆటోలో ముప్పై రూపాయలిచ్చి, నా స్నేహితురాలు రమ్య వాళ్ళ పిన్ని నాంచారమ్మ గారింటికి చేరాను. బాబాయిగారు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని చీర నేస్తున్నారు. నేను మైకు బిగించగానే మగ్గం ఆపి, లోపలికెళ్ళి, తెల్లచొక్కా వేసుకొచ్చారు.

“చేనేత వృత్తి మన సంస్కృతికి చిహ్నం. దీనిని ప్రభుత్వం ఆదుకోవలసి ఉన్నది” అన్నారు గొంతు సవరించుకుని.

“ఏంటా ఉపన్యాసం! ఎలక్షన్లో నిలబడతారా ఏంటి?” అని పిన్నిగారు ఒకటే నవ్వు.

అరగంటసేపు అడిగిందే మళ్ళీ మళ్ళీ అడిగాను. పేపరు భాష తప్ప ఒక్క మాటా రాలేదు. డాన్సు వాళ్ళు కళ్ళ ముందు కనబడ్డారు. చివరికి పిన్నిగారే, “ఆ బొచ్చుకుక్కని పక్కన కట్టెయ్యి పాపా. ఆయన చొక్కా విప్పితేగానీ ఈ చీర దిగదు. ఇలా వచ్చి కండెలు చుట్టు” అన్నారు. సామానంతా సంచిలో పెట్టి రాట్నం ముందు కూర్చున్నాను. నూలు చుట్టిన ఆ చిన్న కండెను నాడెలో పెడితే, నాడె అటూ ఇటూ పరిగెత్తుతూ అడ్డపోగు వేస్తుంది. అదీ పేక, చీర వెడల్పంతే. నిలువుగా గజాల కొద్దీ సాగి ఉన్నది పడుగు.

మగ్గం మళ్ళీ ఆడింది, బాబాయిగారి నోరూ ఆడింది. “మీ పిన్ని నోరు నాడేనమ్మా, ఇటు ఆగితే అటు కొడుతుంది!”

“ఆయనగారి తిండి పడుగంత, పని పేకంత” అన్నారు పిన్నిగారు.

“ఇవి రాసుకోనా బాబాయిగారూ?”

“రాసుకో. ఆవిడన్నవి మాత్రం కొట్టెయ్!”

మధ్యాహ్నం గోంగూర పచ్చడితో అన్నం తినేసరికి మూడు నిమిషాలకు మించిన మాటలు పోగయ్యాయి. మైకులో ఉన్నది మాత్రం ఉపన్యాసమే. ఈ మాటలను నేనే కూర్చి, నా గొంతుతో చదివి ఫోన్లో రికార్డు చేస్తాను.

సాయంత్రం బస్సుకు బయల్దేరుతుంటే పిన్నిగారు దిగాలుగా కనిపించారు. రేపు వీధిలో కొత్త పడుగు సాగదీసి గంజి పెట్టాలట. పక్కింటి కోడలికి జ్వరం, ఒక మనిషి తక్కువ. ఈ చీరతో మగ్గం మీది పడుగు అయిపోతుంది, రేపు తప్పితే మళ్ళీ నలుగురూ కుదిరేదాకా మగ్గం ఖాళీ.

“నేనుంటానండీ” అన్నాను.

“ఫొటోలు తియ్యడానికా, పడుగు చివర కర్ర పట్టుకోడానికా?”

“కర్రకేనండీ.”

సామాను తప్పేమీ లేదు. అది ఎదురుగా ఉన్నంతసేపూ బాబాయిగారు దానితోనే మాట్లాడారు, నేనూ దాన్నే చూసుకున్నాను. పక్కన కూర్చుని పని అందుకున్నాకే ఆ ఇంటి మాటల్లోకి నాకూ చోటు దొరికింది. ఇలాంటి ఊళ్ళకు వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను: మగ్గం ఆపమని అడగకండి, ఆడుతుండగానే వినండి.

ఎండ ముదిరితే గంజి ఆరిపోయి పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయట. అందుకని రేపు వెలుగు రాకముందే లేచి, పిన్నిగారి పాత చీర కట్టుకుని, వీధి చివర కర్ర పట్టుకుని నిలబడాలి.