నాన్న మెడలో బంతిపూల దండ

మా అమ్మ నుంచి నాకు వచ్చిన ఆస్తి అనుమానం ఒక్కటే. నాన్న దివాలా తీసినప్పుడు కోర్టువాళ్లు ముట్టుకోకుండా వదిలేసింది కూడా దాన్నే.

తాతయ్యతో మొదలుపెట్టి మా ఇంట్లో మగవాళ్లంతా బిలాస్‌పూర్ రైల్వేలోనే చేశారు. నాన్న ఒక్కడే ప్రైవేటు. ఊరి పక్కనే తిఫ్రాలో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో గుమాస్తా. గోదాములో బట్టల బేళ్లు మాయమైతే విచారణా పాడూ లేకుండా మేనేజరు నాన్నని దొంగని చేసి గెంటేశాడు. నాన్న లేబర్ కోర్టుకెక్కాడు. కేసు తెమలలేదు, ఇల్లు అప్పుల మీద నడిచింది. చివరికి ఆ అప్పులు తీర్చలేనని ఇంకో కోర్టులో దివాలా పిటిషన్ పెట్టుకున్నాడు. నాన్నకి ఏం వచ్చినా తీసుకుని అప్పులవాళ్లకి పంచడానికి అక్కడ ఒక రిసీవరుని వేశారు.

దాంతో అప్పులవాళ్లు మా గుమ్మం తొక్కడం మానేశారు. లేబర్ కోర్టులో కేసు మా వైపు మొగ్గుతోందని తెలియగానే మళ్లీ రావడం మొదలుపెట్టారు. తెలిపారా బజారులో కిరాణా సేఠ్ ఏకంగా జిలేబీలు పట్టుకొచ్చాడు. అందరిదీ ఒకటే పాట: పోయిన ఉద్యోగం మళ్లీ ఎందుకు, నష్టపరిహారం తీసుకుని రాజీపడు. ఇంత ప్రేమ ఎందుకు పొంగిందో వకీలు చెబితే అర్థమైంది. ఉద్యోగం తిరిగి వస్తే దాన్ని ఎవరూ పంచుకోలేరు. పరిహారం వస్తే నేరుగా రిసీవరు చేతికి పోతుంది. నేను ఆ జిలేబీలు ముట్టలేదు.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, రైల్వేలో గార్డు. నాన్న అప్పుకి జామీను ఉన్నందుకు నెలనెలా ఆయన జీతం కోసుకునేవారు. ఆయన కూడా అదే పాట ఎత్తుకున్నాడు.

"ఆ నౌకరీ ఒగ్గీ బావా. ఏ మొగం పెట్టుకుని మళ్లీ ఆ గేటు కాడికి ఎల్తావు? రాజీ అయిపో."

"ఈడికి బావ మీద ఇంత జాలేటి?" అంది అమ్మ, ఆయన వెళ్లాక. తన జీతం కోత సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు మరీ అనుమానం.

నాన్న మాత్రం మావయ్య దగ్గర ఒకటే పట్టు పట్టాడు. "దొంగని కాదని ఆ మేనేజరు చేత అనిపించు. సంతకం పెట్టేస్తాను."

రాజీలో అలాంటి మాట రాయరని వకీలు చెప్పాడు. మేనేజరు నోటితోనైనా అననన్నాడు. "నాను చూస్తాను కదా" అన్నాడు మావయ్య. వారం తిరక్కుండా, సంతకాలకి తిఫ్రా ఆఫీసుకి రమ్మని కబురు వచ్చింది. నాన్నతో మావయ్యా, నేనూ వెళ్లాం.

మా రైల్వే కాలనీలో ఎవరు రిటైరైనా బొట్టు పెట్టి, దండ వేసి, బాజాలతో ఇంటికి తీసుకొస్తారు. దండ లేకుండా వచ్చాడంటే ఏదో వెధవపని చేసి ఊడగొట్టుకున్నాడనే లెక్క. నాన్న చిన్నప్పటి నుంచీ అది చూస్తూ పెరిగినవాడు.

ఆ రోజు గేటు దగ్గర, డ్రైవర్లూ హమాలీలూ చూస్తుండగా, మేనేజరు బంతిపూల దండ తెచ్చి నాన్న మెడలో వేశాడు. మొహం పక్కకి తిప్పుకునే వేశాడు. అయినా వేశాడు. నాన్న అక్కడే నిలబడి ఏడ్చేశాడు. ఆ తర్వాత ఒక్క ప్రశ్న వేయకుండా సంతకం పెట్టాడు.

టీకి కూడా చిల్లర విదల్చని ఆ మేనేజరు దండ కొన్నాడంటే నేను నమ్మలేదు. తిరుగు దారిలో మావయ్య సైకిలుకి వేలాడుతున్న డ్యూటీ సంచీలో చెయ్యి పెట్టాను. అడుగున తడి తడిగా బంతి రేకులు.

"దండ నువ్వే కొన్నావా మావయ్యా?"

"అచ్ఛా! నానెందుకు కొంటానే? నోరు మూసుకుని నడు."

డబ్బు రిసీవరు చేతికి వెళ్లింది, అందరూ తలా కాస్త పంచుకున్నారు. మావయ్య జీతం కోత ఆగింది. సేఠ్ మళ్లీ రాలేదు. ఆ దండ మావయ్య తన బావ పరువు కోసం కొన్నాడో, బావ సంతకం కోసం కొన్నాడో నాకు ఇప్పటికీ తేలలేదు. మావయ్యని తలుచుకుంటే ఒకసారి కోపం వస్తుంది, ఒకసారి కళ్లు చెమరుస్తాయి.

నాన్నకి మాత్రం ఏ అనుమానమూ లేదు. ఇంటికి ఎవరొచ్చినా చెప్పేవాడు: "దొంగకి ఎవడైనా దండేస్తాడేటి? మేనేజరే స్వయంగా ఏసాడు." మంచాన పడ్డాక కూడా ఒకసారి నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు ఉన్నావు కదమ్మా ఆ రోజు. ఆడే ఏసాడు కదా?"

"ఆడే ఏసాడు నాన్నా. నాను సూసాను."