దారి తప్పిన కనకాంబరాల క్యారేజీ

మొన్న సూర్యాపేటలో మా ఇంట్లో కూర్చుని, డిగ్రీకి ఎక్కడ చేరాలా అని ఆలోచిస్తున్న మా మనవరాలు, చదువుకునే పిల్లలకు ఏ నగరాలు మంచివో ఎవరో వరుసపెట్టి రాసింది ఫోనులో చూసి నాకు చదివి వినిపించింది. పెద్ద పెద్ద లైబ్రరీలట, మెట్రో రైళ్లట, ఏ వేళకైనా కాఫీ దొరికే చోట్లట. అంతా విని, ఇందులో మా కోదాడ లేదా అని అడిగితే పగలబడి నవ్వింది. నవ్వనివ్వండి. ఎనభైలలో పల్లెల నుంచి వచ్చి, కోదాడలోనో మిర్యాలగూడలోనో గది కిరాయికి తీసుకుని చదువుకున్న నా ఈడువాళ్లు మాత్రం ఈ మాటకు నవ్వరని నాకు తెలుసు.

మాది చిలుకూరు దాటాక లోపలికి ఉండే చిన్న ఊరు. ఆ ఊరి నుంచి డిగ్రీ చదువుకని బయటికొచ్చిన మొదటి ఆడపిల్లను నేనే, ఇది చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. పంతులమ్మగా చేసి రిటైరైన ఒక క్రైస్తవ పెద్దావిడ ఇంట్లో నాకు గది ఇప్పించి నాయన ఒక్కటే మాటన్నాడు: పేరు చెడగొట్టుకున్న నాడు పెట్టె సర్దుకుని ఇంటికి రావాలి. వండుకుంటూ కూర్చుంటే చదివేదెప్పుడని అన్నం మాత్రం రోజూ ఊరి నుంచే వచ్చేది. అమ్మ పొద్దున్నే వండి మొదటి బస్సుకు క్యారేజీ అందిస్తే, బస్సువాళ్లు తెచ్చి కోదాడ బస్టాండులో టీకొట్టు పక్కన బల్ల మీద పెట్టేవాళ్లు. అట్లా చుట్టుపక్కల ఊళ్లన్నిటి నుంచీ వచ్చిన క్యారేజీలు ఆ బల్ల మీద బారులు తీరి ఉండేవి, మేం వచ్చేదాకా టీకొట్టాయన వాటి మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. ఎవరిది ఏదో తెలియడానికి పిడికి రంగు గుడ్డ పీలిక కట్టుకునేవాళ్లం. సాయంత్రం కడిగి మళ్లీ ఆ బల్ల మీదే పెడితే, పీలిక చూసి ఆయా ఊళ్ల బస్సులవాళ్లు తీసుకుపోయేవాళ్లు.

ఉత్త గిన్నె తిప్పి పంపడం మన ఇళ్లలో లేదు కదా, అందుకని ఇంటామె తన పెరట్లో కనకాంబరాలు తెంపి ఇస్తే, మాల కట్టి పై గిన్నెలో పెట్టి పంపేదాన్ని. ఆ మాల చేతికందితేగానీ నేను బాగున్నానని అమ్మ నమ్మేది కాదట.

ఇక అసలు సంగతి. నేను రెండో ఏడు చదువుతున్నప్పుడు, మేళ్లచెరువు వైపు ఊరి అబ్బాయి ఒకతని క్యారేజీకి కూడా నాదానికిలాగే ఎర్ర పీలిక కట్టారు. ఒకే కొట్టులో కొన్నవేమో, రెండూ అచ్చం ఒక్కలాగే ఉండేవి. ఒక సాయంత్రం హడావుడిలో అతనిది మా ఊరికి, నాది వాళ్ల ఊరికి వెళ్లిపోయాయి. మనకు గిన్నెల మీద పేర్లు కొట్టించే అలవాటు ఉంది చూశారూ, అదే కొంప ముంచింది. మా ఇంట్లో తీసి చూస్తే మూత మీద మగపిల్లాడి పేరు! బస్సులో మారి ఉంటదిలే అని అమ్మ సర్దిచెప్పబోయిందట గానీ, కలిసి కూర్చుని తింటేనే కదా గిన్నెలు మారేదని పక్కింటి పెద్దమ్మ ఒక మాట విసిరి తన దారిన తాను పోయింది.

తెల్లారి నేను అన్నానికని బస్టాండుకు వెళ్తే, ఆ క్యారేజీ పట్టుకుని నాయనే బస్సు దిగాడు. తిట్టలేదు, చెయ్యెత్తలేదు, మూత మీద పేరు చూపించి పెట్టె సర్దుకో అన్నాడు. నేను చెప్పేది వింటేనా! ఏడుస్తూ గదికి పోయి సర్దుకున్నాను, నాయన పెట్టె భుజాన వేసుకుని మళ్లీ బస్టాండుకు దారి తీశాడు, కళ్లజోడు సవరించుకుంటూ మా వెనకే ఇంటామె. నా చదువు ఇక ఖతం అనుకున్నాను. ఆ నడక తలుచుకుంటే ఇప్పటికీ నాకు దుఃఖం ముంచుకొస్తుంది.

మేం బస్టాండు చేరేసరికి మేళ్లచెరువు బస్సు వచ్చి ఆగింది. అందులోంచి నా క్యారేజీ పట్టుకుని ఒకామె దిగుతూనే, "మా పిలగానికి పూలదండలు పంపే పిల్ల ఎవరే, జర నా ముంగటికి రా, సూస్తా!" అని అందుకుంది. అమ్మకని పంపిన మాల అబ్బాయి వాళ్లమ్మకు అందిందన్నమాట. తమాషా ఏమిటంటే ఆ మాల ఆమె కొప్పులోనే ఉంది, అంత కోపంలోనూ పూలు పారెయ్యబుద్ధి కాలేదట! ఆ అబ్బాయేమో టీకొట్టు వెనక నక్కాడు. పాపం, అతనికి నా ముఖం కూడా తెలియదు.

ఇంటామె ముందుకొచ్చి, ఆ పూలు తన పెరట్లోవనీ, ఈ పిల్ల రోజూ వాళ్లమ్మకు పంపేవనీ, బళ్లో పాఠం చెప్పినట్టు నిదానంగా చెప్పింది. టీకొట్టాయన రెండు క్యారేజీలూ పక్కపక్కన పెట్టి ఎర్ర పీలికలు చూపించాడు. బస్టాండంతా ఒకటే నవ్వు. ఆమె కొప్పు తడుముకుని, అప్పుడు చూసింది నాయన భుజం మీది పెట్టెను. "ఇదేందన్నా, డబ్బాలు మారితే నా కొడుకును నేను సదువు మాన్పిస్తలేను గద, నీ బిడ్డనెందుకు మాన్పిస్తవ్?" అని అడిగింది.

నాయన పెట్టె కిందికి దించి, కండువాతో ముఖం తుడుచుకుని, నా క్యారేజీ నా చేతికిచ్చి, కాలేజీకి టైం అయితలేదా అన్నాడు. అంతసేపూ బిగబట్టుకున్నదాన్ని ఆ మాటకు భోరుమన్నాను. మధ్యాహ్నం మూత తీస్తే గోంగూర పప్పు, అన్నం! నన్ను నాలుగు తిట్టడానికి బయల్దేరుతూ కూడా, ఎవరో పిల్ల అన్నానికి చూస్తుంటదని ఆమె గిన్నెలు నింపుకుని వచ్చింది. మా అమ్మ కూడా ఆ అబ్బాయి క్యారేజీ నింపే పంపింది. నేను తిని కడిగేదాకా ఆగి ఆ రోజు క్యారేజీ నాయనే తీసుకుపోయాడు, మా ఇంటిది ఎదురుచూస్తదని చెప్పి ఇంటామెను కనకాంబరాలు అడిగి మరీ పెట్టించుకున్నాడు.

డిగ్రీ అయింది, బీఈడీ అయింది, తొంభైలంతా మిర్యాలగూడలో పాఠాలు చెప్పాను. ఆడపిల్లను బడి మాన్పిస్తామని ఏ తండ్రి వచ్చినా ఆ తల్లి అడిగిన మాటే అడిగేదాన్ని. మాట తడుముకోని తండ్రిని నేను చూడలేదు.

ఇదంతా విన్నాక మనవరాలు నవ్వలేదు. అది చేరబోయే నగరంలో ఫోను నొక్కితే చాలు, వేడివేడి అన్నం గది ముందుకే వస్తుందట, తిన్నాక డబ్బా పారేయడమేనట. మంచిదే, పిల్లలు సుఖపడనీ. కోదాడ బస్టాండులోనూ ఇప్పుడు ఆ బల్ల లేదు, అక్కడ నీళ్ల సీసాలు అమ్ముతున్నారు. కానీ తిట్టడానికి వస్తూ కూడా పరాయి పిల్లకు అన్నం కట్టుకుని వచ్చే మనుషులున్న ఊరికి ఎన్ని మార్కులేస్తారో, ఆ వరుస రాసినవాళ్లను ఒక్కసారి అడగాలని ఉంది.