వెలిరాంగ్ కొలిమి దగ్గర మా అన్న

వెలిరాంగ్ యుద్ధనౌకని నేను లోపలినుంచి ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్ళని ఎక్కనిచ్చేవారు కాదు. జావాలో సురబాయ రేవు గేటు పక్కన కాఫీ, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముకుంటూ ఏళ్ళ తరబడి దాన్ని బయటినుంచే చూశాను. ఒక పొగగొట్టం, ముందొక ఫిరంగి, వెనకొక ఫిరంగి, ఏడాదికోసారి వేసే తెల్లరంగు. లోపల ఏముందో మా పెద్దన్న మత్రావి చెప్తేనే తెలిసింది. దాని కడుపులో అతను పదహారేళ్ళు బొగ్గు వేశాడు. చెప్పాడంటే అన్నీ ఒకేసారి చెప్పలేదు. ఒక్క సంగతి చెప్పడానికైతే మూడేళ్ళు పట్టింది.

మాది మదురా దీవిలో సంపాంగ్ దగ్గర ఉప్పుమళ్ళ ఊరు. పంతొమ్మిది వందల ఇరవై తొమ్మిదిలో, ఎండలు కాయాల్సిన నెలల్లో వానలు పడి మళ్ళలో ఉప్పంతా కరిగిపోయింది. నాన్న అప్పటికే లేడు. అన్నకి పంతొమ్మిదేళ్ళు, నాకు పదకొండు, తమ్ముడు సకూర్‌కి ఆరు. అన్న పడవలో సముద్రం దాటి సురబాయ వెళ్ళి, డచ్చి దొరల నౌకాదళంలో బొగ్గు వేసే పనికి వేలిముద్ర వేసి వచ్చాడు.

నాలుగేళ్ళ తర్వాత నేనూ పెళ్ళయి రేవు దగ్గరికే కాపురానికి వచ్చాను. ఓడ తిరిగొచ్చినప్పుడల్లా అన్న నా కొట్టు దగ్గర ఆగి, కాఫీ తాగాకే ఇంటికి పోయేవాడు.

"ఏంటన్నా, ఇంత నల్లగా వచ్చావు? వదిన గుర్తుపడుతుందా?" అనేదాన్ని.

"పళ్ళు చూసి పడుతుందిలే. మొన్నయితే చీపురు తీసుకొచ్చింది, దెయ్యమనుకుని."

నవ్వేవాడు గానీ, చేతులు చూస్తే నాకు నవ్వు వచ్చేది కాదు. మోచేతి దాకా వెంట్రుక అనేదే లేదు. కొలిమి తలుపు తీసినప్పుడల్లా మాడిపోయేవి. అక్కడ నాలుగు గంటలకి మించి ఎవరూ నిలబడలేరట. ఒకసారి వాళ్ళలో ఒకతను నిలబడ్డచోటే కూలిపోతే, బ్రెమ్మర్ దొర బకెట్టు నీళ్ళు పోయించి, అతని పారని మా అన్న చేతికిచ్చాడట. బ్రెమ్మర్ ఆ ఓడ యంత్రాలన్నిటికీ పెద్ద. కొట్టేవాడు కాదు. పేర్లు మాత్రం నేర్చుకునేవాడు కాదు. మా అన్న పేరొక్కటే పదేళ్ళకి అతని నోటికి వచ్చింది.

ఆ ఓడ పని దీవుల వెంట తిరిగి జనానికి ఫిరంగులు చూపించడం. తూర్పున ఒక దీవిలో తలపన్ను కట్టలేదని, ఆ దీవి మీద ఒకనాడు పొద్దున్నంతా కాల్చారు. కింద ఉన్నవాళ్ళకి కనపడదు. గుండు పేలినప్పుడల్లా ఇనుపగోడల మీది మసి జలజలా రాలుతుందంతే. పని దిగి పైకొచ్చాక మా అన్న ఫిరంగి దగ్గరి మనిషిని అడిగాడట:

"దేన్ని కొట్టార్రా?"

"కొబ్బరిచెట్లని."

"పొద్దున్నంతానా?"

"చెట్లు చాలా ఉన్నాయిలే, నువ్వెళ్ళి పడుకో."

సాయంత్రం తీరానికి దగ్గరగా వెళ్ళినప్పుడు కాలిన పడవలూ, వాటి చుట్టూ తిరుగుతున్న ముసలివాళ్ళూ కనిపించారట. నాకు చెప్పినప్పుడు, "పైన గంట కొడితే మేం బొగ్గేస్తాం. ఆ బొగ్గు ఎవరి ఊళ్ళో మంటవుతుందో మాకెవడు చెప్తాడే?" అన్నాడు. అడిగినట్టు లేదు, తనకి తను నచ్చజెప్పుకుంటున్నట్టు ఉంది.

నలభై రెండు మార్చిలో జపాన్ సైన్యం సురబాయ వైపు వచ్చేస్తుంటే, కదల్లేని ఓడల్ని ముంచెయ్యమని దొరలకి ఆజ్ఞ వచ్చింది. వెలిరాంగ్ ఒక బాయిలర్ విప్పి మరమ్మతులో ఉంది. బ్రెమ్మర్ మా అన్నని ఒక్కణ్ణే కిందికి తీసుకెళ్ళి, ఓడ అడుగున సముద్రపు నీళ్ళు పట్టే వాల్వు చూపించాడు.

"మత్రావీ, విప్పెయ్."

"దొరా, మునిగిపోతుంది."

"అందుకే."

అన్న రెండు చేతులతో తిప్పాడు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేవరకూ అక్కడే ఉన్నాడట. పైకొచ్చేసరికి బ్రెమ్మర్ పెట్టె పట్టుకుని రేవుగట్టు మీద నడిచి వెళ్ళిపోతున్నాడు. వెలిరాంగ్ నిలువుగానే బురదలో కూర్చుంది. పొగగొట్టమూ, ముందు ఫిరంగి కొసా నీళ్ళ పైన మిగిలాయి. ఆ రోజు అన్న నా కొట్టు దగ్గర ఆగలేదు.

జపానువాళ్ళు దాన్ని ఎనిమిది నెలల్లో పైకి లేపారు. దాని యంత్రాలు తెలిసినవాళ్ళెవరని పేటంతా వెతికారు. అప్పటికి మా ఇళ్ళలో బియ్యం లేవు, మొక్కజొన్న నూకలూ లేవు. కర్రపెండలం ఆకులు ఉడికించి తింటున్నాం. ఒంటికి గోనెగుడ్డ. ఎవరో అన్న వైపు వేలు చూపించారు. సైనికుడు వచ్చి గుమ్మంలో నిలబడితే వదిన అన్న చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళకయ్యా. రేపు దొరలు తిరిగొస్తే నీ మెడకి చుట్టుకుంటుంది."

"వెళ్ళకపోతే ఇవాళే చుట్టుకుంటుంది. బియ్యం ఇస్తారంటున్నారు. ఊరుకో."

కొలిమి గొయ్యిలో పీతలు కాపురం పెట్టాయట. నెలరోజులు చేతులతో బురద తోడారు. తాను తిప్పి వదిలేసిన వాల్వుని తానే బిగించాడు. ఓడకి కొత్త జెండా కట్టి, పేరు చెరిపేసి అంకె రాశారు. మా పేటలో మాత్రం దాన్ని వెలిరాంగ్ అనే పిలిచాం.

ఆ జెండా కింద దాని పని మనుషుల్ని మొయ్యడం. ఊరూరా పెద్దలు పేర్లు రాసిచ్చేవాళ్ళు, రాసినవాణ్ణి ఎక్కడో దీవుల్లో విమానాల మైదానాలు చదును చెయ్యడానికి పట్టుకుపోయేవాళ్ళు. నలభై నాలుగు మొదట్లో మా ఊరి జాబితాలో సకూర్ పేరు వచ్చింది. వాళ్ళని రేవుకి నడిపించుకొస్తుంటే చూసి, అన్న ఇంటికి పరుగెత్తాను.

"అన్నా, తమ్ముణ్ణి నీ ఓడలోనే ఎక్కిస్తున్నారు!"

అన్న "నయమే కదే. నేనుంటాను కదా. అమ్మకి అదే చెప్పు," అన్నాడు. నేను పడవెక్కి ఊరికి వెళ్ళి అమ్మకి అదే చెప్పాను.

తర్వాత ఓడ వచ్చినప్పుడల్లా అడిగేదాన్ని. మొదట్లో, "దించేశారు, బానే ఉన్నాడు," అనేవాడు. ఆ ఏడాది చివర్లో ఒకసారి వచ్చి, "ఆ దీవికి మా ఓడ ఇప్పుడు పోవడం లేదు," అన్నాడు. అప్పటినుంచీ నా కొట్టుకి రావడం మానేశాడు. మనిషి సగమయ్యాడు. ఆకలి అనుకున్నాను. ఆ రోజుల్లో అందరమూ సగమే.

నలభై అయిదులో రేవు మీద బాంబులు పడి వెలిరాంగ్ పక్కకి ఒరిగి మునిగింది. అన్న అప్పుడు గట్టున ఉన్నాడు. యుద్ధం అయిపోయింది. పోయిన కూలీల్లో కొందరు తిరిగొచ్చారు, సకూర్ రాలేదు. అమ్మ వాడి చాప మీద ఎవర్నీ పడుకోనివ్వకుండా రోజూ దులిపి పరిచేది.

దొరలు మళ్ళీ వచ్చారు. వదిన అన్నట్టే అయింది. శత్రువుకి పనిచేశాడని నలభై ఏడులో అన్నని పట్టుకెళ్ళారు. విచారణ రోజున గది వెనక నేనూ వదినా నిలబడ్డాం. బ్రెమ్మర్ కూడా వచ్చాడు. జపానువాళ్ళ జైలు శిబిరంలో మూడేళ్ళు ఉండి ఇంకా ఎముకల గూడులాగే ఉన్నాడు.

"ఆ ఓడ బాయిలర్లు వెలిగించిందెవరు?" అని అధికారి అడిగాడు.

"నేనే దొరా."

"అంతకుముందు ముంచిందెవరు?"

"అదీ నేనే."

గదిలో ఎవరో నవ్వారు. అధికారి బ్రెమ్మర్ వైపు చూశాడు. "ముంచమన్నది నేను. తర్వాత సంగతి నాకు తెలియదు," అని బ్రెమ్మర్ తల దించుకున్నాడు. అన్నకి పదినెలల జైలు పడింది.

మూడో నెలలో ఎండుచేప, మొక్కజొన్న అన్నం మూటగట్టుకుని చూడ్డానికి వెళ్ళాను. తింటున్నవాడితో ఊరికే అన్నాను: "అమ్మ ఇంకా సకూర్‌కి చాప పరుస్తోంది. కాస్త నువ్వయినా చెప్పకూడదూ?"

అన్న ముద్ద కింద పెట్టేశాడు.

"వాడు లేడే."

"నీకెలా తెలుసు?"

"నేనే తీసుకొస్తున్నాను వాణ్ణి."

అప్పుడు చెప్పాడు. ఆ దీవిలో ఓడకి బొగ్గు మోసే గుంపులో సకూర్ కనిపించాడట. కాళ్ళ నిండా పుళ్ళు. బుట్ట దించుతూ, "అన్నా, నన్నిక్కడ వదలకు. రోజుకి ఇద్దర్ని పాతిపెడుతున్నాం," అన్నాడట. గుంపు మేస్త్రీ జావా మనిషి, మంచివాడు. సకూర్‌ని ఆ పూట చనిపోయినవాళ్ళలో కలిపి రాసేశాడు. అన్న వాణ్ణి బొగ్గు గదిలో, పోసిన బొగ్గు మీద పడుకోబెట్టి, పైన డెక్కు మీది ఇనుపమూత కింద గాలి ఆడేలా చెక్కముక్క పెట్టి వచ్చాడు. తడిసిన బొగ్గు గాలిని తినేస్తుంది. మూత వేసిన బొగ్గు గదిలోకి దిగకూడదని కొలిమి పనివాళ్ళందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున విమానాల భయంతో ఒక జపాను నాయకుడు మూతలన్నీ దిగగొట్టి బిగించేశాడు. కింద పనిలో ఉన్న అన్నకి సుత్తి చప్పుడు వినిపించింది. పరుగెత్తుకు పైకెళ్ళి, "బొగ్గు వేడెక్కుతుంది, ఆ ఒక్కటీ తియ్యండి," అన్నాడు. చెంప మీద కొట్టి కిందికి తోశారు.

కిందనుంచి ఆ గదికి చిన్న తలుపుంది. దాని వెనకంతా బొగ్గే. అన్న తనతో పనిలో ఉన్న మిగతా ముగ్గురికీ విషయం చెప్పాడు. నలుగురూ తవ్వడం మొదలుపెట్టారు. తవ్విన బొగ్గు పెట్టడానికి చోటు లేదు, కొలిమిలో వెయ్యడమే. ఆవిరి ఎక్కువై గొట్టాలు ఈలలు వేశాయి. పైనుంచి తిట్లు. ఆపితే చేరలేరు, వేస్తే బాయిలర్ పేలుతుంది. సాయంత్రానికి బొగ్గు జారి దారి పడింది. సకూర్ తలుపు వైపు తల పెట్టి బోర్లా పడి ఉన్నాడట. వేళ్ళ గోళ్ళ నిండా బొగ్గు. వాడూ అటునుంచి తవ్వుతున్నాడు.

"నా చేతికి రెండు మూరల దూరంలో ఉన్నాడే," అన్నాడు అన్న.

బాయిలర్‌కి పోసే నీళ్ళతో వాణ్ణి కడిగారు. అన్న లుంగీలో చుట్టారు. వరసగా నిలబడే చోటు లేక కొలిమి చుట్టూ తలో పక్కనా నిలబడి, పెదాలు మాత్రం కదిలించి నమాజు చేశారు. చీకటి పడబోతుండగా, బూడిద పారబోసే గొట్టం గుండా సముద్రంలోకి జార్చారు. వేరే దారి లేదు.

నేను మూట అక్కడే వదిలేసి లేచి వచ్చేశాను. మళ్ళీ నాలుగు నెలలు జైలుకి వెళ్ళలేదు. వాడు చచ్చినందుకు కాదు. మూడేళ్ళు అమ్మ చేత చాప పరిపించినందుకు.

అమ్మకి చెప్పకుండా ఎంతకాలమని, ఒకరోజు ఊరికెళ్ళి అంతా చెప్పేశాను. ఉప్పు గీకే పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుని వింది. ఏడవలేదు.

"ఒళ్ళు కడిగారన్నావు కదూ?"

"కడిగారట."

"ఉప్పునీళ్ళా, మంచినీళ్ళా?"

"మంచినీళ్ళేనమ్మా. బాయిలర్‌లో ఉప్పునీళ్ళు పొయ్యరు."

అమ్మ తలాడించింది. కాసేపాగి, "పెద్దాడికి అన్నం ఎవరు పట్టుకెళ్తున్నారు?" అంది.

"వదిన."

"రేపు నువ్వెళ్ళు. వాడు నోరు తెరిచి చెప్పుకుంది నీకే. నువ్వే మొహం చాటేస్తే వాడెక్కడికి పోతాడు?"

వెళ్ళాను. అన్నం తిన్నాడు, గిన్నె కడిగిచ్చాడు.

జైలునుంచి నేరుగా ఊరికి వచ్చాడు. గుమ్మంలో నిలబడిపోతే అమ్మే చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్ళింది. ఆ రాత్రి అతనికి సకూర్ చాప వేసింది. అతను దాన్ని చుట్టి చంకన పెట్టుకుని బయట అరుగు మీద పడుకున్నాడు. వానాకాలంలో కూడా తలుపు వేసిన గదిలో పడుకోలేకపోయేవాడు. ఉప్పుమళ్ళలో పనిచేశాడు. దగ్గు వచ్చేది, దగ్గితే నల్లగా పడేది.

యాభై ఆరులో, దేశం మనదయ్యాక, మునిగిన ఓడల్ని ముక్కలు చేసి అమ్మే మనుషులు అతన్ని వెతుక్కుంటూ వచ్చారు. లోపల ఏది ఎక్కడుందో చూపించమన్నారు. మంచి కూలి ఇస్తామన్నారు. అన్న వాళ్ళకి నేల మీద పుల్లతో అంతా గీసి చూపించాడు, బాయిలర్లు, గొట్టాలు, వాల్వులు. రమ్మంటే మాత్రం రానన్నాడు. కూలి తీసుకోలేదు. "మూతలు తీసి ఒక రోజంతా ఆగి, అప్పుడు దిగండి," అని రెండుసార్లు చెప్పాడు.

మరుసటి ఏడు ఉప్పు తీసే నెలల్లో పోయాడు. నలభై ఏడేళ్ళు. వదిన, నేను, అమ్మ ముగ్గురమూ దగ్గరే ఉన్నాం.

ఉపవాసాల నెల ముందు సమాధుల దగ్గరికి వెళ్ళడం మాకు ఆనవాయితీ. సకూర్‌కి సమాధి లేదు కదా, అమ్మ ఉన్నన్నాళ్ళూ మత్రావి సమాధి దగ్గర కూర్చుని ఇద్దరి పేర్లూ చెప్పి ఖురాను చదివించేది. ఇప్పుడు నేను చదివిస్తున్నాను.